తాళ్ళు కట్టాక కంట్రోల్ లాక్ కూడా కావాలా?

సెస్నా 172 అనే చిన్న విమానాన్ని బయట నిలిపి, రెక్కలకీ తోకకీ తాళ్ళు కట్టేశాక కంట్రోల్ లాక్ (విమానాన్ని తిప్పే కదిలే పలకల్ని బిగించి ఉంచేది) కూడా పెట్టాలా అని అడిగారు. పెట్టాలండీ. గేదెను గుంజకి కట్టేసినా తోక ఊపడం మానదుగా, ఇదీ అంతే. తాళ్ళు విమానాన్ని కదలనివ్వవు గానీ ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు), ఎలివేటర్ (తోకకి అడ్డంగా ఉండేది), రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండేది) గాలికి కొట్టుకుంటూనే ఉంటాయి.

డల్లాస్ దగ్గర ముగ్గురం కలిసి ఒక 172 కొనుక్కున్నాం. అక్కడ ఎక్కువగా దక్షిణపు గాలి, అందుకని ముక్కు అటే పెట్టి కట్టేవాళ్ళం. ఓ ఏప్రిల్ రాత్రి ఉత్తరం నుంచి గాలివాన కొట్టింది, అంటే సరిగ్గా తోక వైపు నుంచి. యోక్‌కి, అంటే పైలట్ పట్టుకునే స్టీరింగ్‌కి, లాక్ పిన్ను పెట్టే ఉంది. కానీ ఆ పిన్ను ఐలరాన్లనీ ఎలివేటర్‌నీ పట్టుకుంటుందే తప్ప రడ్డర్ జోలికి పోదు. తెల్లారి వెళ్ళి చూస్తే రడ్డర్ స్టాప్ (రడ్డర్ మరీ ఎక్కువ తిరక్కుండా ఆపే అడ్డు) వంగిపోయి ఉంది, కింద రేకు మీద సన్నటి మడత, రివెట్ల దగ్గర పెయింట్ పగుళ్ళు. మెకానిక్ కీళ్ళు, కేబుళ్ళు అన్నీ విప్పి చూసేదాకా ఎగరొద్దన్నాడు. రెండు వారాలు పోయాయి.

ఇంకో సంగతి. లోపలి పిన్ను పెట్టినా, గాలి విసురు కేబుళ్ళ మీదుగా వచ్చి పిన్ను దగ్గర ఆగుతుంది. ఆ లాగుడంతా దారిలో ఉన్న కేబుళ్ళూ కప్పీలే మోయాలి. బయటి లాక్ ఆ కదిలే పలకనే నేరుగా బిగించి పట్టుకుంటుంది. మాది ఇంట్లో చేసిందే: రెండు ప్లైవుడ్ ముక్కలు, లోపలివైపు పాత కార్పెట్, మధ్యలో బోల్టు. ఫిన్‌నీ (రడ్డర్ ముందుండే కదలని నిలువు భాగం) రడ్డర్‌నీ కలిపి బిగిస్తాం. ఐలరాన్‌కీ రెక్క మీద దాని పక్కనుండే ఫ్లాప్‌కీ మధ్య ఇలాంటివే చిన్నవి. పైపర్ చెరోకీ అనే చిన్న విమానమైతే సీట్‌బెల్టు యోక్‌లోంచి తిప్పి బిగిస్తే ఐలరాన్లూ స్టెబిలేటరూ (దానికి ఎలివేటర్ బదులు ఉండే తోక పలక) కదలవు.

నన్నడిగితే లాక్ పెట్టడం మర్చిపోవడం కంటే తియ్యడం మర్చిపోవడమే ప్రాణాంతకం. 1935లో బోయింగ్ 299 అనే బాంబర్ నమూనా విమానం ఎగిరిన కాసేపటికే కూలింది లాక్ తియ్యకపోవడం వల్లే. చెక్‌లిస్టుల అలవాటు అక్కడినుంచే బలపడింది. 2014లో అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ కూడా లాక్‌తోనే రన్‌వే మీద పరుగెత్తింది, ఏడుగురు పోయారు. అందుకే పిన్ను పోయిందని ఏ మేకో దూర్చకండి. అసలు పిన్నుకి ఎర్ర రేకు ఉండేది తాళంచెవి పెట్టే చోటుకి అడ్డం రావడానికే. మా ప్లైవుడ్ లాక్‌కి మా ఆవిడ పాత ఎర్ర చున్నీ మూడడుగులు కట్టాను.