చివరి హోమానికి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 48. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 52,000 వస్తుంది, ఇంటి ఖర్చు 34,000. నాన్నగారికి 72 ఏళ్లు, షుగర్ ఉంది. అబ్బాయి డిగ్రీ అయి రెండేళ్లయినా ఉద్యోగం రాలేదు. మా తోడల్లుడు ఒక స్వామీజీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంటికి దోషం ఉందన్నారు. మా కళ్ల ముందే నిమ్మకాయ కోస్తే రక్తంలా ఎర్రటి రసం కారింది. 1,116 దక్షిణతో మొదలుపెట్టి ఏడాదిన్నరలో మొత్తం 6.40 లక్షలు ఇచ్చాం. అందులో 2.80 లక్షలు ఎఫ్‌డీ తీసి ఇచ్చినవి. 2 లక్షలు మా ఆవిడ నగల మీద రూపాయి వడ్డీకి బ్యాంకులో తెచ్చినవి. 1.60 లక్షలు తోడల్లుడికి తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి తీసుకున్నవి. వాళ్లకు ప్రామిసరీ నోటు రాసి, రెండు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాను. చివరి హోమం చేయకపోతే దోషం తిరగబడుతుందట, దానికి 3 లక్షలు కావాలంటున్నారు. మ్యూచువల్ ఫండ్లలో 1.90 లక్షలున్నాయి, వాటిని కదిలించడం ఇష్టం లేదు. 16 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామని ఫోన్ వచ్చింది. తీసుకోవచ్చా? నాన్నగారు మాత్రలు ఆపి స్వామీజీ ఇచ్చిన పొడి వాడుతున్నారు. చేతిలో డబ్బు లేక ఇంటిల్లిపాదికీ ఉన్న ఆరోగ్య బీమా రెన్యువల్ చేయలేదు, గడువు దాటి 11 రోజులైంది.
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: తీసుకోవద్దు. 16 శాతానికే కాదు, వడ్డీ లేకుండా ఇచ్చినా తీసుకోవద్దు. నగల మీద ఇంకాస్త తెచ్చుకోవచ్చా, పీఎఫ్ తీయవచ్చా అన్న ఆలోచన ఉంటే దానికీ ఇదే జవాబు.

మీరు లోన్ గురించి అడిగారు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మాత్రం చివరి రెండు వాక్యాలు. 72 ఏళ్ల షుగర్ పేషెంటుకు మాత్రలు ఆగిపోయాయి, అదే సమయంలో బీమా కూడా ఆగిపోయింది. మీరు పోగొట్టుకున్న 6.40 లక్షల కంటే పెద్ద ప్రమాదం ఇక్కడుంది.

బీమా సంగతి ఈరోజే చూడండి. ఏడాదికోసారి ప్రీమియం కట్టే ఆరోగ్య పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. మీరు రాసేటప్పటికే 11 రోజులు గడిచాయి. ఇది చదివే సమయానికి ఎన్ని మిగిలాయో క్యాలెండర్ తీసి లెక్కపెట్టండి. ఆ లోపు కడితే పాత పాలసీ పాత హక్కులతో కొనసాగుతుంది. కట్టే వరకూ ఉన్న ఖాళీ రోజుల్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే మాత్రం క్లెయిం రాదు, కాబట్టి చివరి రోజు దాకా ఆగకండి.

30 రోజులు దాటితే ఏం పోతుందో చాలామందికి తెలియదు. కొత్త పాలసీ తీసుకుంటే సరిపోతుందనుకుంటారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో గరిష్ఠంగా 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టవచ్చు. అంటే నాన్నగారి షుగర్‌కు, దానివల్ల కిడ్నీకో కాలికో వచ్చే ఇబ్బందికి మూడేళ్ల దాకా మీరే ఖర్చు పెట్టుకోవాల్సి రావచ్చు. 60 నెలలు ఆపకుండా నడిపిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, ఫలానా జబ్బు ముందే చెప్పలేదంటూ కంపెనీ క్లెయిం తిరస్కరించడానికి వీల్లేదు. కొత్త పాలసీతో ఆ లెక్క కూడా మళ్లీ మొదటి నెల నుంచి మొదలవుతుంది. అసలు 72 ఏళ్ల మనిషికి, అదీ షుగర్ ఉన్న మనిషికి, కొత్తగా పాలసీ దొరకడమే కష్టం. ఇన్నేళ్లు ప్రీమియం కట్టి సంపాదించుకున్న రక్షణ హోమానికి డబ్బు సర్దుకునే హడావిడిలో చేజారిపోకూడదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు.

నాన్నగారిని రేపే డాక్టర్‌కు చూపించండి. ఆ పొడి కూడా పట్టుకెళ్లి చూపించండి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి. షుగర్ మాత్రలు ఆపేస్తే ఒంట్లో జరిగే నష్టం వెంటనే బయటపడదు, బయటపడేసరికి ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. షుగర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మాత్రలు మానేయమని చెప్పే మనిషి గురువు కాదు. ఆయన మీద మీకున్న గౌరవాన్ని కాసేపు పక్కన పెట్టి ఈ ఒక్క విషయం ఆలోచించండి.

ఇక డబ్బు. వడ్డీలకే మీరిప్పుడు నెలకు 6,800 కడుతున్నారు. 1.60 లక్షలకు మూడు రూపాయల చొప్పున 4,800, నగల లోన్ మీద 2,000. ఇంటి ఖర్చు పోగా మిగిలే 18,000లో ఇవి తీసేస్తే 11,200. మూడు లక్షల పర్సనల్ లోన్‌కు 16 శాతం మీద మూడేళ్ల ఈఎంఐ సుమారు 10,550. అది కూడా కడితే నెలాఖరుకు మీ చేతిలో మిగిలేది 650 రూపాయలు. షుగర్ పేషెంటు, ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు ఉన్న ఇల్లు 650 రూపాయల మీద ఎలా నడుస్తుంది? ఈ లెక్క మీ ఆవిడ పక్కన కూర్చుని కాగితం మీద ఒకసారి వేయండి.

మీ కుటుంబం ఎక్కడ దెబ్బతిందో కూడా చెబుతాను. అది ఎఫ్‌డీ తీసిన రోజు. ఆ 2.80 లక్షలు ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, అదే మీ అత్యవసర నిధి. మీరు దానికి ఆ పేరు పెట్టుకోలేదేమో కానీ అది చేసే పని అదే. అది పోయాక నగలు బ్యాంకుకు చేరాయి, తర్వాత మూడు రూపాయల వడ్డీ వచ్చింది, చివరికి బీమా ప్రీమియానికే డబ్బు లేకుండా పోయింది. ఇలాంటి చోట్ల ముందు 1,116 అడిగి మీరు ఎంత తేలిగ్గా తీసి ఇస్తారో చూస్తారు. తర్వాత మీ దగ్గర ఎంతుందో కబుర్లలోనే రాబడతారు. మీ ఎఫ్‌డీ గురించి స్వామీజీకి ఎలా తెలిసిందో గుర్తు చేసుకోండి. చేతిలో డబ్బు అయిపోయాక అప్పు ఎక్కడ పుడుతుందో కూడా వాళ్లే చూపిస్తారు. పూజకు తీసుకెళ్లినవాళ్ల పరిచయంతోనే వడ్డీకి ఇచ్చేవాళ్లు కూడా దొరికారంటే, నేనైతే ఆ రెండింటినీ విడివిడిగా చూడలేను. మీ తోడల్లుడు కూడా మోసపోయి ఉండవచ్చు, ఆయన్ని నిందించమని చెప్పడం లేదు. ఇకపై డబ్బు విషయం మాత్రం ఆయన మాట మీద నడపవద్దు.

నిమ్మకాయ సంగతి. మందార పువ్వు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే రసం ఎర్రగా కారుతుంది, పులుపు తగిలితే ఆ పువ్వు రంగు అలా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఇంటికీ తెలుసు. విభూతి మండడం, హోమగుండం దానంతటదే అంటుకోవడం చూపిస్తే, అది పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోసి ఎవరైనా చేయగలిగిన పని. జనవిజ్ఞాన వేదిక వాళ్లు స్కూళ్లలో పిల్లల ముందు ఇలాంటివన్నీ చేసి చూపిస్తుంటారు. నిమ్మకాయ ప్రయోగం మీ వంటింట్లో మీరే చేసి ఇంట్లోవాళ్లకు చూపించండి. నా మాట కంటే అది బాగా పనిచేస్తుంది.

‘అంతమంది వెళ్తున్నారు, అందరూ పిచ్చివాళ్లా’ అని ఇంట్లో అనవచ్చు. గుర్మీత్ రామ్ రహీమ్‌కు, ఆశారాంకు ఎంతమంది భక్తులుండేవారో దేశమంతా చూసింది. అత్యాచారం కేసుల్లో మొదటి ఆయన్ని 2017లో, రెండో ఆయన్ని 2018లో కోర్టులు దోషులుగా తేల్చాయి. భక్తుల సంఖ్య చూసి ఒక మనిషి నిజాయితీని అంచనా వేయలేం.

దేవుడి మీద నమ్మకం వదులుకోమని నేను చెప్పను, చెప్పే హక్కూ నాకు లేదు. కొబ్బరికాయ కొట్టడానికి అప్పు అక్కర్లేదు. జీతంలోంచి నెలకు 500 దైవ కార్యాలకని పక్కన పెట్టుకోండి, అందులోనే సర్దుకోండి. సంస్థలకు విరాళం ఇస్తే రసీదు అడగండి. నగదు 2,000 దాటితే ఎలాగూ పన్ను మినహాయింపు రాదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆ మ్యూచువల్ ఫండ్లు అమ్మేయండి. కదిలించడం ఇష్టం లేదన్నారు, అర్థమవుతుంది. కానీ ఏడాదికి 36 శాతం వడ్డీ కడుతూ ఫండ్లు అట్టిపెట్టుకోవడంలో అర్థం లేదు, ఏ ఫండూ ఏటా అంత రాబడి ఖాయంగా ఇవ్వదు. పన్ను ఆదా కోసం కొనే ఈఎల్ఎస్ఎస్ ఫండ్లయితే, అమ్మడానికి వీల్లేని మూడేళ్ల లాక్-ఇన్ పూర్తయిందో లేదో చూసుకోండి. డబ్బు రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. 1.60 లక్షలతో ఆ మూడు రూపాయల అప్పు ఒకేసారి తీర్చేయండి. నగదుగా కాదు, బ్యాంకు ద్వారానే పంపండి. పంపేముందు సాక్షితో వెళ్లి నోటు, రెండు చెక్కులు సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోండి. డబ్బు చేరగానే నోటు వెనక్కి తీసుకోండి, చెల్లు రాయించుకోండి, చెక్కులు తెచ్చుకోండి. చెక్కులు దొరకడం లేదంటే ఆ నంబర్ల చెక్కులకు డబ్బు ఇవ్వవద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ రాసిచ్చి, అప్పు తీర్చేశానని రాతపూర్వకంగా వాళ్లకు పంపండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇంకొకరి బీరువాలో పెట్టి మీరు ఎలా నిద్రపోతున్నారో నాకు అర్థం కావడం లేదు. వాళ్లు ఎంత అంకె వేసుకున్నా కింద మీ సంతకం ఉంటుంది.

మిగిలిన 30,000లోంచి బీమా ప్రీమియం. ఫండ్ల డబ్బు ఆలస్యమైతే జీతంలోంచి కట్టండి, దాని కోసం ఇంకేదైనా ఆపండి.

వడ్డీ అప్పు తీరాక మీకు నెలకు 16,000 మిగులుతాయి. అందులో 10,000 అత్యవసర నిధికి, 6,000 నగల లోన్ అసలుకు. అప్పు ఉండగా నిధి ఎందుకని చాలామంది అడుగుతారు. నిధి లేని ఇంట్లో జ్వరం వచ్చినా, బండి చెడినా మళ్లీ మూడు రూపాయల వడ్డీ దగ్గరికే వెళ్లాలి. పది నెలల్లో లక్ష రూపాయలు చేరతాయి, అంటే దాదాపు మూడు నెలల ఇంటి ఖర్చు. అప్పటినుంచి లెక్క తిప్పేసి 10,000 నగలకు, 6,000 నిధికి పెట్టండి. నిధి 2 లక్షలకు చేరే వరకూ కొత్త పెట్టుబడి ఏదీ వద్దు. ఆ డబ్బు మీ ఆవిడతో జాయింటుగా వేరే ఖాతాలో, ఇద్దరూ సంతకం పెడితేనే బయటికి వచ్చేలా ఉంచండి. నగల లోన్ గడువు తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకోకపోతే వేలం నోటీసు వస్తుంది.

మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే టర్మ్ పాలసీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఏడాది జీతానికి పదింతలు, అంటే సుమారు 60 లక్షలకు తీసుకోండి. అబ్బాయి నైపుణ్యాల కోర్సు ఏదైనా చేస్తానంటే నగల లోన్ తీరాక చూడవచ్చు.

పోయిన 6.40 లక్షలు తిరిగి వస్తాయని మీ లెక్కల్లో వేసుకోవద్దు. అలాగని ఊరుకోవద్దు కూడా. ఆన్‌లైన్‌లో పంపిన ప్రతి చెల్లింపు స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరిపేయకుండా వేరేచోట దాచండి. ‘చేయకపోతే తిరగబడుతుంది’ అని భయపెట్టిన మాటలు ముఖ్యంగా ఉండాలి. వాటితో పోలీసు స్టేషన్‌లో మోసం కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు, భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్. ఫోన్‌లో పరిచయమై ఆన్‌లైన్‌లోనే డబ్బు గుంజినవాళ్ల విషయంలో అయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది. పోయిన డబ్బు ఇప్పిస్తామని ముందుగా ఫీజు అడిగేవాళ్లు మీకు తప్పక తగులుతారు. వాళ్లకు పైసా ఇవ్వకండి.

స్వామీజీ దగ్గర్నుంచి ఫోన్ వస్తే వాదనకు దిగకండి. ‘డబ్బు లేదు, అప్పు చేయం’ అని మీరూ మీ ఆవిడా ఒకే మాట చెప్పి పెట్టేయండి. ఇంటికి వస్తే నాన్నగారి దగ్గరికి ఒంటరిగా వెళ్లనివ్వకండి, ఆ పొడి మళ్లీ ఇస్తారు.