కలిపితే కాపీ అవుతుందా?

ప్రశ్న: సార్, నేను పాలిటెక్నిక్ ఫైనలియర్. ప్రాజెక్టుకి కొత్త ఐడియా తెమ్మన్నారు. ఏది అనుకున్నా ఫోన్‌లో వెతికితే ఎవరో ఒకరు చేసేసి ఉంటున్నారు. ఉన్నవాటినే రెండు కలిపి చూపిద్దామంటే మావాళ్లు అది కాపీ అంటున్నారు. ఒకటే టెన్షన్. నిజంగా కాపీయేనా?
(ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: తమ్ముడూ, పొద్దున ఉగ్గాని బజ్జీ తిన్నావా? ఉగ్గానిలో బొరుగులు మనవే, కానీ బజ్జీలో ఆ మిరపకాయ అమెరికా ఖండాల పంట, సుమారు 500 ఏళ్ల కిందట పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. రెండూ ఒకే ప్లేటులోకి చేరితే మనల్ని ఎవరూ కాపీ అనలేదు కదా. 15వ శతాబ్దంలో జర్మనీలో గూటెన్‌బర్గ్ పుస్తకాలు అచ్చేసిందీ ఇలాగే, ద్రాక్షపండ్లు పిండే మరలాంటిదాన్ని తెచ్చి లోహపు అక్షరాల మీద కాగితాన్ని నొక్కించాడు.

అంత దూరం ఎందుకు, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి పోయి చూడు. తోలుబొమ్మలు చేసే ఊరు, అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సినిమాలూ టీవీలూ వచ్చి ఆట చూసేవాళ్లు తగ్గాక అదే తోలు మీద అవే బొమ్మలేసి లాంప్‌షేడ్లు చేస్తున్నారు. మేకతోలుని వెలుగు దూరేంత పల్చగా చేసి, రంగులద్ది, సన్నటి చిల్లులు పొడుస్తారు, వెనక దీపం లేకపోతే ఆ బొమ్మకి అందమే లేదు. అంటే దీపం మొదట్నుంచీ తెర వెనకే ఉంది, వీళ్లు బొమ్మని తెచ్చి దాని చుట్టూ చుట్టారు, అంతే. అందుకే అది అతికించినట్టు అనిపించదు.

నేను నీ వయసులో గొడుగు కర్రకి టార్చిలైటు కట్టి ఏదో కనిపెట్టేశానని తిరిగాను. అనంతపురంలో గొడుగు తీసేదే తక్కువ, అదీ పగలు ఎండకి! మూడో రోజుకి మా అమ్మ ఆ బ్యాటరీలు తీసి రేడియోకి వేసుకుంది.

కాబట్టి వస్తువుల్ని కాదు, పనుల్ని చూడు. రాత్రి కరెంటొస్తే రైతు చేనుకి పరిగెత్తి మోటారు వేయాలి, జేబులో ఫోనేమో ఊరికే ఉంటుంది, ఆ రెంటినీ కలిపితేనే ఫోన్‌తో మోటారు వేసే స్టార్టరు వచ్చింది. అదీ చేసేశారు అంటావు, చేశారు, అయితే మీ ఊరి రైతు ఒకాయన్ని అడుగు, అందులో ఆయనకి ఇంకా ఏం ఇబ్బందిగా ఉందో చెప్తాడు, నీ ప్రాజెక్టు అక్కడ మొదలవుతుంది. ఏది ఎక్కణ్ణుంచి తీసుకున్నావో రిపోర్టు మొదటి పేజీలోనే రాసెయ్, ఇక మీవాళ్లు ఏమనుకున్నా పట్టించుకోకు.