టెక్ సందేహాలు: సముద్రం అడుగున ఆ తిన్నని గీతలు ఎవరివి?

ప్రశ్న: గూగుల్ ఎర్త్‌లో మా అబ్బాయికి హిందూ మహాసముద్రం చూపిస్తుంటే, అడుగున రోడ్లు వేసినట్టు తిన్నని గీతలు కనిపించాయి. మునిగిపోయిన నగరమని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నగరం లేదండీ. అవి లోతు కొలిచే ఓడలు వెళ్లిన దారులు. 2009లో అట్లాంటిక్‌లో ఇలాంటి గళ్లే కనిపించి, కథల్లో మునిగిపోయిన అట్లాంటిస్ నగరం దొరికిందని పెద్ద ప్రచారం జరిగింది. అవి ఓడల జాడలేనని గూగుల్ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఓడ తన అడుగు నుంచి శబ్దాన్ని కిందికి వదిలి, అది నేలకు తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. ఉప్పునీటిలో శబ్దం వేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. ప్రతిధ్వని 4 సెకన్లకు వస్తే రానూపోనూ 6,000 మీటర్లు, అంటే లోతు 3,000. ఇప్పటి మల్టీబీమ్ సోనార్ అటూ ఇటూ విసనకర్రలా శబ్దాలు పంపి వెడల్పాటి పట్టీనే కొలుస్తుంది. అయినా ఓడ నడక మెల్లన, సముద్రమా పెద్దది. ప్రపంచ సముద్రాల అడుగులో ఇలా కొలిచింది ఇప్పటికి నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే.

మిగతాదంతా ఉపగ్రహాల అంచనా. నాకు భలే ముచ్చటగా అనిపించేది ఇదే. రాడార్ నీటిలోకి దూరదు. అందుకని ఉపగ్రహం అడుగు జోలికి పోకుండా, నీటి పైభాగం ఎత్తును కొలుస్తుంది. కింద కొండ ఉంటే దాని ఆకర్షణకు నీరు అటు చేరి కొద్దిగా ఉబ్బుతుంది. 2,000 మీటర్ల కొండ మీద ఆ ఉబ్బు సుమారు 2 మీటర్లు. దాని మీదుగా వెళ్లే ఓడలో ఎవరికీ తెలియదు కూడా. ఆ ఉబ్బును బట్టి కొండను లెక్కగడతారు. కొన్ని కిలోమీటర్ల కన్నా చిన్నవి ఈ లెక్కకు చిక్కవు. ఈ మసక పటం మీద ఓడల కొలతలు అతికిస్తే, ఓడ వెళ్లిన మేర మాత్రం స్పష్టంగా గీతలా తేలుతుంది. మీ అబ్బాయి చూసింది ఆ అతుకునే. 2014లో మాయమైన ఎంహెచ్370 విమానం కోసం హిందూ మహాసముద్రంలో వెతికినవారు కూడా ముందు అక్కడి అడుగును ఓడలతో కొలిపించుకోవలసి వచ్చింది.

ఈ లోతులతో పని మీ పక్కనే, ప్రగతి నగర్‌లోనే జరుగుతోంది. సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉన్నది అక్కడే. సునామీ వేగం లోతును బట్టి మారుతుంది: 4,000 మీటర్ల నీటిలో గంటకు 700 కిలోమీటర్లు దాటితే, 50 మీటర్లకు వచ్చేసరికి 80కి తగ్గుతుంది. పటంలో లోతు తప్పయితే అల తీరం చేరే సమయమూ తప్పుతుంది.

ప్రశ్న: మరియానా అగాధం లోతు ఒక్కో వెబ్‌సైట్‌లో ఒక్కో విధంగా ఉంది. ఏది సరైనది?
– ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పరీక్షకైతే సుమారు 11 కిలోమీటర్లని రాయండి. వేడి, ఉప్పదనం, పీడనం మారితే శబ్దం వేగమూ మారుతుంది. ఆ సవరణలో ఒక్క శాతం తేడా వచ్చినా అంత లోతులో వంద మీటర్లు అటూ ఇటూ అవుతుంది. 1875లో ఛాలెంజర్ ఓడ బరువు కట్టిన తాడు వదిలి అక్కడ 8 కిలోమీటర్ల పైచిలుకు లోతు కొలిచింది. సముద్రాల సగటు లోతు 3,700 మీటర్లే. మన బంగాళాఖాతం అంతకన్నా లోతు తక్కువ. గంగా బ్రహ్మపుత్రల ఒండ్రు దాన్ని ఉత్తరం నుంచి పూడుస్తూ వస్తోంది.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో ఇసుకలో నిలబడితే నా ఫోన్‌లోని యాప్ లోతు 6 మీటర్లని చూపించింది. సెన్సర్ పాడైందా?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: ఆ యాప్ కొలిచింది ఏమీ లేదు. మీరున్న చోటును జీపీఎస్‌తో తెలుసుకుని, పటంలో ఆ గడికి రాసి ఉన్న అంకెను చూపించింది. ఉచితంగా దొరికే ప్రపంచ పటంలో ఒక్కో గడి దాదాపు 450 మీటర్లు. మీ గడిలో ఇసుకా ఉంది, సముద్రమూ ఉంది. ఫోన్‌లో పీడనం కొలిచే బారోమీటర్ ఉన్నా అది గాలికే. మీటరు లోతు నీళ్లకే దాని కొలత అయిపోతుంది. పైగా నీటి నిరోధకత పరీక్షలు మంచినీటితో చేస్తారు, ప్రయోగం పేరుతో ఫోన్‌ను అలల్లో ముంచకండి. సరదా తీరకపోతే, చేపలు పట్టేవారి కోసం బంతిలాంటి చిన్న సోనార్లు అమ్ముతున్నారు. గాలానికి కట్టి చెరువులోకి విసిరితే వైఫైతో లోతును ఫోన్‌కు పంపుతాయి. నీటి లోపల మొక్కలు దట్టంగా ఉన్న చెరువులో మాత్రం అది ఆ మొక్కలనే నేల అనుకోవచ్చు.