గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్ల

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ ఉపవాస ప్రార్థన కూటం కోసమే. స్నేహితురాలి వెంట వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయిన పిల్ల బాగుంది. లోపల ముసలావిడ చేతులెత్తి అన్యభాషల్లో, అంటే తనకే తెలియని మాటల్లో, ప్రార్థించడమూ బాగుంది. ఆవిడ నోట పలికించిన ఆ ఏడు పంక్తుల శబ్దాలు మాత్రం కొట్టెయ్. చివర్లో ప్రొఫెసర్ వచ్చి అది శుద్ధమైన హీబ్రూ అని తేల్చడం కూడా.

ఎందుకంటే బైబిల్లో ఉన్నది ఒక్క దృశ్యం కాదు. అపొస్తలుల కార్యములనే పుస్తకంలో, పెంతెకొస్తు అనే యూదుల పండుగనాడు యెరూషలేములో యేసు శిష్యులైన గలిలయవాళ్లు మాట్లాడుతుంటే పార్తీయులు, ఐగుప్తువాళ్లు, అరబీయులు ఎవరి భాషలో వాళ్లు విన్నారు. మధ్యలో అర్థం చెప్పేవాడితో పని పడలేదు. కొరింథు సంఘంలో సంగతి వేరు. అక్కడ భాషతో మాట్లాడేవాడు మనుషులతో కాదు, దేవునితో మాట్లాడుతున్నాడంటాడు అపొస్తలుడు పౌలు, వాళ్లకి రాసిన ఉత్తరంలో. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమంటాడు. నీ కథ కొరింథులో మొదలై యెరూషలేములో ముగిసింది. అతుకు కనబడుతోంది.

(గ్రీకులో నాలుకకీ భాషకీ ఒకటే మాట. పెంతెకొస్తునాడు దిగిన అగ్ని నాలుకలకీ, వాళ్లు పలికిన భాషలకీ అదే. మన తెలుగు బైబిల్లో అది రెండు మాటలై విడిపోయింది. నాకు ఇప్పటికీ చిన్న బెంగ.)

ఆ అతుకు వేసింది నువ్వొక్కదానివే కాదులే. 1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజుసా వీధిలో విలియం సేమూర్ అనే నల్లజాతి బోధకుడు ఇలాంటి అన్యభాషల కూటాలు నడిపాడు. బానిసత్వం చూసిన తల్లిదండ్రుల బిడ్డ ఆయన. అక్కడ అభిషేకం పొంది అన్యభాషల్లో మాట్లాడిన ఆల్‌ఫ్రెడ్ గార్, ఆయన భార్య లిలియన్, తమకు బెంగాలీ వంటి భాషలు వరంగా దొరికాయని నమ్మి కలకత్తాకి బయల్దేరారు. వచ్చాక అది బెంగాలీ కాదని తేలింది. అయినా వాళ్లు ఆ వరాన్ని వదులుకోలేదు. ఇది జనానికి బోధించే భాష కాదు, దేవుడితో మాట్లాడే భాష అని తమ నమ్మకాన్నే సరిచేసుకున్నారు. ఓడ దిగిన మనిషి నోరు తెరిచాడు, ఎదుటివాడి ముఖంలో ఏ కదలికా లేదు. ఆ క్షణాన్ని ఊహించి చూడు. నీ ప్రొఫెసర్ ఇచ్చిన తీర్పు దాని ముందు ఎంత?

ఇంకో పొరపాటు. ఇదంతా అమెరికా నుంచి దిగుమతైన సరుకని నీ పాత్ర చేత అనిపించావు. అజుసా వీధికి నలభై ఆరేళ్ల ముందే, 1860లో, తిరునల్వేలి ప్రాంతంలో అరుళప్పన్ అనే తమిళ సేవకుడి చుట్టూ రేగిన ఉజ్జీవంలో, అంటే భక్తి ఉప్పెనలో, జనం అన్యభాషల్లో మాట్లాడారు. పాత్ర తెలియక అంటే ఫర్వాలేదు. నువ్వు తెలియక అనిపించకూడదు.

ఇక ఆ ఏడు పంక్తులు. విలియం శామరిన్ అనే భాషాశాస్త్రవేత్త ఇలాంటి ప్రార్థనలు ఎన్నో విని, వాటిలోని ధ్వనులు చాలావరకు మాట్లాడేవాళ్లకి ముందే అలవాటైనవేననీ, మామూలు భాషకుండే అర్థనిర్మాణం వాటిలో లేదనీ చెప్పాడు. అది పిచ్చి కాదని కూడా ఆయనే అన్నాడు. నీ ముసలావిడ పుట్టింది తెనాలి పక్కన. ఆమె నోట అరబ్బీ సినిమా శబ్దాలెందుకొచ్చాయి?

మా మేనత్త చదువురానిది. మేం లూథరన్లం, ఆవిడ భర్త పోయాక, అన్యభాషల్లో ప్రార్థించే పెంతెకొస్తు సంఘం కూటాలకి వెళ్లేది. మా నాన్నకి నచ్చేది కాదు. భాషలు అపొస్తలులతోనే ఆగిపోయాయనేవాడు, "భాషలైనను నిలిచిపోవును" అన్న పౌలు మాట చూపించేవాడు, నిలిచిపోవడమంటే ఆగిపోవడమేనని. ఆ వాదం ఈనాటికీ సంఘాల్ని చీలుస్తూనే ఉంది. నేనొకసారి అడిగాను, "అత్తా, ఏం మాట్లాడావు?" అని. "నాకేం తెలుసురా, ఆయనకి తెలుసు" అని చాప చుట్టేసింది. మిగతా రోజంతా ఆవిడ మాటల్లో అప్పులు, కోడళ్లు, నడుం నొప్పి. ఆ కాసేపే వాటి నుంచి సెలవు. నాకు గుర్తున్నది ఆ చాప చుట్టే చేతులే, శబ్దం కాదు.

రెండో వైపు కూడా చూశాను. ఒక కూటంలో పదిహేనేళ్ల పిల్లని చుట్టుముట్టి "హల్లెలూయ" వేగంగా అనమన్నారు, నాలుక తిరిగేదాకా. రానందుకు ఆ పిల్ల ఏడ్చింది. "అందరు భాషలతో మాటలాడుచున్నారా?" అని పౌలు అడిగిన ప్రశ్న అక్కడెవరికీ గుర్తు రాలేదు. నీ కథలో ఈ పిల్లకి చోటుంటే ఇవ్వు. బలవంతం చేసినవాళ్లని రాక్షసుల్ని మాత్రం చెయ్యకు. వాళ్లూ ప్రేమతోనే చేస్తున్నామనుకున్నారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ నీ పిల్లని లోపలికి తొయ్యకు. అందరూ ఒక్కసారే భాషల్లో మాట్లాడుతుంటే బయటివాడు వచ్చి వెర్రివాళ్లనుకోడా అని పౌలు ఎప్పుడో అడిగాడు. అంటే ఆ గుమ్మంలో నీకు చోటు ముందే ఉంది. అక్కణ్ణుంచి ఏది కనబడితే అది రాయి. కనబడనిదాన్ని ప్రొఫెసర్ చేత చెప్పించకు.

మళ్లీ రాసి పంపు. అన్నట్టు, పాస్టర్‌ని "ఫాదర్" అని రాశావు. ఆ సంఘాల్లో అయ్యగారు అంటారు, ఆయన భార్యని అమ్మగారు. కూటం అయ్యాక అందరికీ టీ పోయించేది సాధారణంగా ఆవిడే. నీ కథలో ఆవిడ ఎక్కడా లేదు.