ఎడిత్ కావెల్: కార్డు మీది బొమ్మ, రాతి మీది మాట

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధ కాలపు పోస్ట్‌కార్డు ఒకటి చూశాను. స్పృహ తప్పి నేలమీద పడివున్న యువ నర్సుకు ఒక జర్మన్ అధికారి పిస్తోలు గురిపెట్టాడు. కింద ఎడిత్ కావెల్ అని పేరుంది. ఇది నిజంగా జరిగిందా? ఆమె స్మారకాలు ఎక్కడ ఉన్నాయి?

జవాబు: అలా జరగలేదు. జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో నర్సుల శిక్షణాలయాన్ని నడిపిన ఆంగ్లేయ నర్సు ఎడిత్ కావెల్, దాదాపు 200 మంది మిత్రపక్ష సైనికులు తటస్థ దేశమైన నెదర్లాండ్స్‌కు తప్పించుకుపోవడానికి సాయపడ్డారు. 1915 ఆగస్టులో అరెస్టయ్యాక ఆ సంగతిని ఆమె దాచలేదు. విచారణకు నర్సు దుస్తుల్లో కాక మామూలు దుస్తుల్లోనే హాజరయ్యారు. అక్టోబరు 12 తెల్లవారుజామున ఫిలిప్ బోక్ అనే బెల్జియన్‌తో పాటు ఆమెను జర్మన్ సైనికులు వరుసగా నిలబడి కాల్చిచంపారు. అప్పటికి ఆమె వయసు 49 ఏళ్లు. అంత అనుభవమున్న మేట్రన్‌ను (నర్సుల అధికారిణిని) నిస్సహాయురాలైన పడుచుపిల్లగా గీయడం నాకు బాధ కలిగిస్తుంది; ప్రజల్లో ఆగ్రహం రగిలించడానికి అలాంటి బొమ్మే పనికొస్తుందని ప్రచారకర్తలు అనుకున్నారు గనుకనే, తెలిసి చేసిన పనికి తానే బాధ్యత వహించిన మనిషి ఆ కార్డుల్లో కనిపించదు.

ఆమె భౌతికకాయాన్ని 1919లో ఇంగ్లండుకు తెచ్చి, వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ప్రార్థన జరిపి, సొంత కౌంటీ నార్ఫోక్‌లోని నారిచ్ కెథడ్రల్ పక్కన ఖననం చేశారు. అన్నిటికంటే ప్రసిద్ధమైన స్మారకం లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర, సెయింట్ మార్టిన్స్ ప్లేస్‌లో ఉంది. శిల్పి జార్జ్ ఫ్రాంప్టన్. 1920 మార్చిలో అలెగ్జాండ్రా రాణి ఆవిష్కరించిన ఆ రాతి కట్టడం మీద ‘మానవత్వం’ అన్న మాటతో పాటు ‘రాజు కోసం, దేశం కోసం’ అనే మాటలూ చెక్కారు. అయితే మరణానికి ముందు రాత్రి మతగురువు స్టిర్లింగ్ గాహన్‌తో ఆమె అన్నది వేరు: “దేశభక్తి ఒక్కటే చాలదు. ఎవరి మీదా నాకు ద్వేషం గానీ కక్ష గానీ ఉండకూడదు.” మహిళా సంఘాల జాతీయ మండలి కోరిన మీదట, 1924లో గానీ ఆ మాటలు అక్కడికి చేరలేదు. ఆ నాలుగేళ్లూ విగ్రహం ఆమెది, సందేశం ఇతరులది.

పారిస్‌లో ఉన్న ఆమె స్మారకాన్ని 1940లో జర్మన్ సేనలు ధ్వంసం చేశాయి. కెనడాలోని జాస్పర్ ఉద్యానవనంలో ఒక పర్వతానికి 1916లోనే ఆమె పేరు పెట్టారు.

అలాంటి కార్డు చేతికి వస్తే పారవేయకండి. ప్రచారం ఎలా సాగేదో చెప్పే సాక్ష్యం అది. ఆల్బమ్‌లో పెట్టేటప్పుడు మాత్రం ఆమె వయసు, వృత్తి, ఒప్పుకున్న నేరం పక్కనే రాసిపెట్టండి.