ముందుమాటకు ముందు

రాజమండ్రి

అమ్మలూ,

నువ్వు కూర్చిన కవితలూ బొమ్మల సంకలనం ఫైలు అందింది. ఫోన్లో కళ్లు పని చేయక జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకుని చదివాను. కవితలు బాగున్నాయి, బొమ్మలు ఇంకా బాగున్నాయి. ముందుమాట మాత్రం బాగాలేదు. కోపం తెచ్చుకోకుండా చదువు.

"కవిత్వమూ చిత్రకళా కవలపిల్లలు" అని మొదలుపెట్టావు. ఈ కవలల్ని ఎన్ని ముందుమాటల్లో చూశానో లెక్కలేదు. ఆ తర్వాత రెండు పేజీలూ కవుల గురించే. బొమ్మలు వేసినవాళ్లకి ఆఖర్న ఒక్క వాక్యం, "అందంగా అలంకరించిన మిత్రులకు కృతజ్ఞతలు" అని. అలంకరించడానికి వాళ్లేమైనా పెళ్లిపందిరి వేశారా?

పదో పేజీలో అమ్మ పోయిన కవిత తీయి. అందులో అమ్మ గాజుల చప్పుడుంది, కేకలున్నాయి, పోపు వాసనుంది. ఎదుటి పేజీలో బొమ్మ వేసినావిడ అమ్మను వేయనే లేదు. పొయ్యి పక్కన ఒక పీట, అదీ గోడకు నిలబెట్టి ఉంది. కూర్చునే మనిషి ఉంటే పీట అలా గోడకెందుకు ఉంటుంది? కవి చెప్పకుండా వదిలేసింది ఆ పీట చెప్పింది. నీ ముందుమాట అక్కడ మొదలవ్వాలి. కవిత ముందు వచ్చిందా, బొమ్మ ముందు వచ్చిందా, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారా, నువ్వెందుకు వాళ్లని ఎదురెదురు పేజీల్లో కూర్చోబెట్టావు, ఇవి రాయి. పేజీన్నర చాలు. ఇంకెవరైనా పెద్దమనిషి చేత మరో ముందుమాట రాయించకు. నా చేత అసలే వద్దు.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. ముప్ఫై ఏళ్ల క్రితం మిత్రుల కవితలు సంకలనంగా వేశాను. గోదావరి మీద పడవ బొమ్మను రెండు పేజీలకీ పరిచి వేయించాను, గొప్పగా ఉంటుందని. బైండింగు అయ్యాక చూస్తే పడవవాడు సరిగ్గా కుట్టులోకి పోయాడు. తెడ్డు కొస ఒక్కటీ బయటికి కనిపించింది. చిత్రకారుడి పేరు లోపలి అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన సభకొచ్చి వెనక వరసలో కూర్చుని, పుస్తకం ఒకసారి తిరగేసి, కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. మళ్లీ నాకు బొమ్మ వేయలేదు. అందుకని కుట్టు వైపు ముప్పావు అంగుళం ఖాళీ వదలమను, విషయసూచికలో కవి పేరు, చిత్రకారుడి పేరు ఒకే సైజులో పెట్టు.

ప్రెస్సు సంగతి. బొమ్మలు 300 డిపిఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలకి, తగ్గకుండా స్కాన్ చేయించు, ఫోన్ ఫొటోలు పనికిరావు. స్క్రీన్ మీద మెరిసే నీలం కాగితం మీదకొచ్చేసరికి చప్పబడుతుంది, కాబట్టి కలర్ ప్రూఫు, అదే రంగుల్లో తీసే నమూనా అచ్చు, చూడకుండా సంతకం పెట్టకు. గీతల బొమ్మలు మామూలు కాగితం మీదా నిలుస్తాయి, నీటిరంగులకి నున్నటి ఆర్ట్ పేపర్ కావాలి. డబ్బు చాలకపోతే 16 పేజీల ఫారాలు (ఒకే షీటు మీద అచ్చేసి మడిచేవి) రెండు మాత్రమే కలర్లో వేయించి, రంగుల బొమ్మలున్న కవితలు వాటిలోకి వచ్చేలా వరస మార్చుకో. అంతేగాని రంగుల బొమ్మలన్నీ తీసుకెళ్లి చివర కుప్ప పోయకు. ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా వాడే యూనికోడ్‌లో టైపు చేసినవి ప్రెస్సువాళ్ల అను ఫాంట్స్‌లోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి. మార్చాక మళ్లీ మొదటి నుంచీ ప్రూఫు చదవాల్సిందే, బద్ధకించకు. ఐఎస్‌బీఎన్‌కి, అదే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకి, ఇప్పుడే దరఖాస్తు పెట్టు.

ఆవిష్కరణ ఇక్కడే అన్నావు, సంతోషం. అతిథుల లిస్టులో తొమ్మిదిమంది వక్తలున్నారు, ముగ్గురిని ఉంచు. అసలు బొమ్మలు గోడలకి తగిలించి, మైకు పట్టుకునే ముందు అరగంట జనాన్ని తిరగనియ్యి. తర్వాత ఒక్కో కవిత కవి చదవాలి, పక్కన చిత్రకారుడు నిలబడి ఆ బొమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. శాలువాలు తెస్తే ఇద్దరికీ తే, లేకపోతే ఎవరికీ వద్దు.

ముందురోజు అందరినీ మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్దాం. ఆయన 1925లో మశూచితో పోయాడు, 30 ఏళ్లు కూడా నిండలేదు. అప్పట్లో ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర తానూ కవిత్వం రాసేవాడు, బొమ్మలు వేసేవాడు. రామారావునీ, అడవి బాపిరాజునీ చేరదీసింది ఆయనే. బాపిరాజు గారు నవలలూ రాశారు, కుంచే పట్టారు. సభ మన ఊళ్లో ఎందుకని ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పు. ముందుమాటలో మాత్రం పెట్టకు, అక్కడ పీట చాలు.

అన్నట్టు, ఆ పీట బొమ్మ అసలుది అమ్ముతారేమో నెమ్మదిగా కనుక్కో. ధర ఎంతైనా పెద్దమ్మకి సగమే చెబుదాం.

మీ పెదనాన్న