చేత్తో చేసిన కత్తి పిడి మీద స్క్రిమ్‌షా వేస్తే ధర పెరుగుతుందా?

కత్తులు సొంతంగా చేస్తున్నాను, పిడి మీద స్క్రిమ్‌షా వేస్తే ఎక్కువ ధర పలుకుతుందా అని అడిగారు. బొమ్మ బాగా కుదిరితే పలుకుతుంది. ఓ మోస్తరుగా ఉంటే కత్తికి ఉన్న ధర కూడా పోతుంది. నాకు ముందు జరిగింది ఈ రెండోదే.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఎముక, దంతం లాంటి వాటిని నున్నగా చేసి, సూదితో సన్నగా గీసి, ఆ గీతల్లోకి సిరా పట్టించడమే స్క్రిమ్‌షా. 19వ శతాబ్దంలో తిమింగలాల వేటకెళ్లిన నావికులు పొద్దుపోక స్పెర్మ్ తిమింగలం పళ్ల మీద తెరచాపలు కుట్టే సూదులతో గీసి, దీపపు మసి రుద్దేవాళ్లు.

నా మొదటి బొమ్మ పశువు ఎముక పిడి మీద. 600 నంబర్ సాండ్‌పేపర్‌తో ఆపేశాను, చేతికి నున్నగానే తగిలింది మరి. రెండు సాయంత్రాలు కూర్చుని గద్ద తల గీసి, నల్ల ఇంక్ రాసి తుడిచాను. గద్ద వచ్చింది. దాని చుట్టూ బూడిదరంగు మబ్బు, మధ్యమధ్య నల్ల చుక్కలు కూడా వచ్చాయి. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, పైన సాండ్‌పేపర్ గీట్లుంటాయి. ఏది మనం గీసిందో ఇంక్‌కి తెలీదు కదా, అన్నిట్లోకీ దిగింది. అరగదీద్దామని చూస్తే ఎముక తగ్గిపోయి, పిడిని కత్తికి బిగించే పిన్నుల తలలు పైకి తేలాయి. బొమ్మ లేనప్పుడు కొంటానన్నాయన అది చూసి వద్దని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇంకా నున్నటి 2000 నంబర్ సాండ్‌పేపర్ దాకా వెళ్లి, ఆ తర్వాత బఫింగ్ (గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం) చేసి, దీపం వెలుగు అద్దంలో కనిపించినట్టు పిడిలో కనిపిస్తేనే సూది పట్టుకుంటాను. ఎముకైతే గీసే ముందే మైనం పట్టిస్తాను. కొంచెం గీయడం, ఇంక్, తుడవడం, భూతద్దంలో చూడడం, మళ్లీ గీయడం. నీడలకి గీతల కంటే చుక్కలే నయం. కత్తి పదునైన అంచుకి టేపు చుట్టడం మర్చిపోకండి, ధ్యాసంతా బొమ్మ మీదే ఉంటుంది. ఎముక అరగదీసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. నేర్చుకోవడానికి తెల్ల పేపర్ మైకార్టా (కాగితం పొరల్ని రెసిన్‌తో అతికించి గట్టిపరిచిన పలక) మంచిది, ఎముకలా ఇంక్ తాగదు. ఏనుగు దంతం జోలికి వెళ్లొద్దు. దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లోనే నిషేధించారు. ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి మామత్ దంతం వాడేవాళ్లున్నారు గానీ, కొన్నిచోట్ల దాన్ని అమ్మడం కూడా నేరమే.

ఇక డబ్బు సంగతి. మొన్నటి ఓడ బొమ్మకి నాకు పద్నాలుగు గంటలు పట్టింది. ధరలో అందులో సగం గంటలకి కూడా గిట్టలేదు. కలెక్టర్లు పెద్ద ధర పెట్టేది గీసినవాళ్ల పేరుకి, మనకి ఇంకా ఆ పేరు లేదు. రోజూ వాడే కత్తి మీద వేసి లాభం లేదు, చెమటకీ రాపిడికీ బొమ్మ వెలిసిపోతుంది. కాబట్టి కత్తిని మామూలుగానే అమ్మకానికి పెట్టి, బొమ్మ అడిగినవాళ్లకే విడిగా ధర చెప్పి వేయండి. పేరులో మొదటి అక్షరాలు చెక్కమంటే మాత్రం మొత్తం డబ్బు ముందే తీసుకోండి. ఆర్డరిచ్చి మళ్లీ కనిపించని ఒకాయన కత్తి రెండేళ్లుగా నా బీరువాలో ఉంది. ఆ మూడు అక్షరాలకీ సరిపోయే మనిషి ఇంకా దొరకలేదు.